చిప్పకు ముక్కూ మొహం

కొబ్బరి చిప్ప, చింతగింజలు, రంపపు పొట్టు... మూడూ పారేసేవే! వాటితోనే దేవుళ్లనీ రాజుల్నీ రాక్షసుల్నీ తయారుచేసే ఊరు బచ్చన్నపేటకు పక్కనే ఉంది. పెద్దగా ఖర్చు లేకుండా ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకోగలిగిన ఆ పనికి కాస్త రంగు కావాలి, బోలెడంత ఓపిక కావాలి. చేసి చూసినవాళ్లకు బొమ్మతో పాటు ఇంకోటి కూడా మిగులుతుంది.

ఎండాకాలం సెలవులొచ్చాయంటే ప్రతి ఇంట్లో ఒకటే గొడవ. పొద్దున పది దాటితే పిల్లల్ని బయటికి పంపలేరు. ఇంట్లో కూర్చోబెడితే టీవీ, అది కట్టేస్తే సెల్‌ఫోన్, అదీ లాక్కుంటే ఏడుపు. హైదరాబాద్‌లో అయితే అమ్మానాన్నలు సమ్మర్ క్యాంపుల ఫీజులు కనుక్కుంటారు. లేదంటే బజారుకెళ్లి మిలమిల మెరిసే డబ్బాలో పెట్టిన బొమ్మల కిట్ కొనుక్కొస్తారు. అందులో ప్లాస్టిక్ బొమ్మ, నాలుగు చిన్న రంగు సీసాలు, ఒక బ్రష్షు ఉంటాయి. గంటలో రంగులైపోతాయి. రెండోరోజుకి బొమ్మ మంచం కింద ఉంటుంది. మూడోరోజు మళ్లీ సెల్‌ఫోనే!

జనగామ జిల్లా బచ్చన్నపేట లాంటి చోట క్యాంపులూ కిట్లూ అందుబాటులో లేవని బెంగపడేవాళ్లు ఉంటారు. నిజానికి ఆ విషయంలో వాళ్లే అదృష్టవంతులు. ఓ వైపు చేర్యాల, ఇంకాస్త ముందుకెళ్తే కొమురవెల్లి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోనివే. ఇప్పుడు బచ్చన్నపేట జనగామలో, మిగతా రెండూ సిద్దిపేటలో ఉన్నాయి. జిల్లా మారినా అక్కడి చేతులకు అంటిన రంగు మారలేదు.

అసలు ఈ ప్రాంతంలో రంగు పూయడమనేది ప్రత్యేకంగా నేర్చుకునే విద్య కానేకాదు. పండగొచ్చిందంటే మట్టిగోడకు జాజు పూసి, దానిమీద సున్నంతో గీతలు గీసేవాళ్లు. గడపకు పసుపు, కుంకుమ బొట్లు సరేసరి. బోనమెత్తే కుండకు సున్నం, పసుపు. బతుకమ్మ వస్తే తెల్లని గునుగు పూలను కట్టలు కట్టి ఎర్రరంగులో కొన్ని, పచ్చరంగులో కొన్ని ముంచి ఆరబెట్టే పని పిల్లలదే. కొమురవెల్లి మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు నేలమీద పట్నం వేస్తుంటే చూడాలి... పసుపు, కుంకుమ, తెల్లపిండి, పచ్చపొడి వేళ్ల సందుల్లోంచి జారుతుంటే నేలమీద కోట లేస్తుంది. శివరాత్రినాటి పెద్దపట్నం చూడ్డానికి వేలమంది వస్తారు. వాడేవన్నీ చవకైన పొడులే. కానీ ఆ చేతివాటం డబ్బుతో రాదు.

చేర్యాల బొమ్మ పుట్టింది ఇలాంటి నేలమీదే.

పటం విప్పితే పురాణం

చేర్యాల అనగానే గుర్తొచ్చేవి పటాలు. వాటిని వేసేవాళ్లని నకాషీలంటారు. ఖాదీ బట్ట తీసుకుని, గంజి, సుద్ద మట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంక నీళ్లు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక దానిమీద బొమ్మలు. మూడడుగుల వెడల్పు, ముప్పై నుంచి అరవై అడుగుల పొడవు ఉండే పటాలు ఉండేవంటే ఆ పని ఎంతదో ఊహించుకోవచ్చు. పైనుంచి కిందికి అడ్డంగా గళ్లు గళ్లుగా కథ నడుస్తుంది. మొదటి గడిలో వినాయకుడు. ఆ తర్వాత కథ.

ఆ పటాలు గోడకు తగిలించుకోవడానికి వేసినవి కావు. ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కళాకారుల కోసం వేసేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్లు. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివాళ్లు. గౌడ కులస్తులకు గౌడజెట్టీలు, ముదిరాజ్‌లకు కాకిపడగలవాళ్లు... ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథకుడు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లయితే పటానికి బదులు బొమ్మల్నే ముందుపెట్టుకుని చెబుతారు. రాత్రిపూట ఊరి మధ్యలో పటం వేలాడదీసి, ఒక్కో గడి విప్పుతూ, కర్రతో చూపిస్తూ పాడుతుంటే ఊరంతా కూర్చుని వినేది. ఒకరకంగా అది ఆనాటి సినిమా!

అసలు సినిమా వచ్చాక, ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ రాత్రులు తగ్గిపోయాయి. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గితే కథకుడు కొత్త పటం ఎందుకు వేయిస్తాడు? పటం వేయించేవాడు లేకపోతే నకాషీ ఏం తింటాడు? ఆ గొలుసులో ఒక్క కొక్కెం ఊడితే మిగతావన్నీ ఊడాయి. చాలా కుటుంబాలు వేరే పనులు చూసుకున్నాయి. నిలబడిన కొద్ది కుటుంబాలూ పటాన్ని చిన్నది చేశాయి. అరవై అడుగుల కథలోంచి ఒక్క గడిని తీసి చట్రంలో బిగించాయి. గోడకు తగిలించే మాస్కులు, చిన్న చిన్న బొమ్మలు, తాళంచెవుల గొలుసులు చేశాయి. ధనాలకోట వైకుంఠం నకాష్ లాంటివాళ్లు జాతీయ అవార్డు అందుకున్నారు. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా ఇవాళ ఆ పని చేస్తున్న కుటుంబాల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

వాళ్ల ఇళ్లే వాళ్ల కార్ఖానాలు. ఒకరు జిగురు ఉడికిస్తుంటే, ఒకరు బట్టకు పూత వేస్తుంటారు. పిల్లలు ముందు నేల రంగు నింపడం నేర్చుకుని, చెయ్యి కుదిరాక మొహాల దాకా వస్తారు. గీత పెద్దవాళ్లది, రంగు అందరిదీ. ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. మిగతా ఇళ్లవాళ్లు ఆ పనిలో వందో వంతయినా సెలవుల్లో చేసి చూడొచ్చు.

వారం రోజుల మొహం

మొదలుపెట్టాల్సింది కొబ్బరి చిప్ప మాస్కుతోనే. చేర్యాలలో చిన్న మాస్కులకు ఆధారం అదే. మల్లన్న దగ్గరికో, ఊళ్లో గుడికో వెళ్లొచ్చిన ఇంట్లో చిప్పలకు కొదవా?

ముందు చింతగింజల సంగతి చూడాలి. చింతపండు కొట్టుకునే ఇంట్లో అవి బస్తాలకొద్దీ ఉంటాయి. రెండు గుప్పెళ్లు తీసుకుని మూకుడులో వేయించాలి. ఈ పని ఇంట్లో పెద్దావిడకు అప్పజెప్పడం మంచిది. ఎందుకంటే గింజ ఎప్పుడు చిట్లుతుందో, ఎప్పుడు మాడుతుందో ఆవిడకు వాసనతోనే తెలిసిపోతుంది. ఒకప్పుడు వేయించిన చింతగింజలే పిల్లలకు చిరుతిండి కదా! పైపొట్టు వదిలాక తెల్లపప్పుని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే మెత్తగా రుబ్బాలి. మిక్సీలో వేస్తే బ్లేడు గురించి భయపడాలి, రోలయితే ఏ భయమూ లేదు. ఆ పిండిలో నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ అంబలిలా చిక్కబడేదాకా ఉడికించాలి. ఇంకేం, జిగురు తయార్! బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పట్టించడానికి కూడా చింతగింజల పిండి వాడతారంటే దాని పట్టు ఏపాటిదో తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఇది తిండి వస్తువే కాబట్టి తొందరగా పులుస్తుంది, బూజు పడుతుంది. ఎంత కావాలో అంతే చేసుకుని ఆ రోజుకా రోజు వాడేయాలి. వానాకాలం కంటే ఎండాకాలం ఈ పనికి అనువైంది కూడా అందుకే.

రంపపు పొట్టు సామిల్లులోనో, వడ్రంగి ఇంట్లోనో అడిగితే సంచీ నింపి ఇస్తారు. దాన్ని పిండి జల్లెడతో జల్లించాలి. ముతకగా ఉంటే మొహం గరుకుగా వస్తుంది. జల్లించిన పొట్టులో జిగురు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలపాలి. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్లు ఈ ముద్దని ‘మక్కు’ అంటారు. అక్కడ పొణికి చెక్కతో చేసిన కాళ్లూ చేతుల్ని ఒంటికి అతికించడానికీ, సందులు పూడ్చడానికీ ఈ మక్కే ఆధారం. కృష్ణా నదికి దగ్గర్లోని కొండపల్లి ఎక్కడ, జనగామ పక్కన చేర్యాల ఎక్కడ! చింతచెట్టు మాత్రం రెండుచోట్లా ఉంది.

ఇక చిప్ప. దానిమీది పీచునంతా గీకేసి గరుకు కాగితంతో రుద్దాలి. నున్నగా వచ్చిందని సంతోషపడి వదిలేయకూడదు. మేకుతో పైన అడ్డదిడ్డంగా గీతలు పెట్టాలి. లేకపోతే ఆరాక ముక్కు ఊడి చేతిలోకొస్తుంది. తగిలించడానికి అంచున రెండు చిల్లులు కూడా ఇప్పుడే పెట్టుకోవాలి. గీకడం, చిల్లులు పెట్టడం నాన్న పని. పిల్లల చేతికి మేకు ఇవ్వకపోవడమే మేలు.

ఇప్పుడొస్తుంది అసలు సరదా. మక్కు ముద్ద పిల్లల చేతికిచ్చి ముక్కు పెట్టమనాలి. తర్వాత కనుబొమలు, పెదాలు, చెవులు. మగమొహమైతే మీసం, తలపాగా. ఆడమొహమైతే కొప్పు, ముక్కుపుడక. చేర్యాల మొహాల్లో కళ్లే సగం అందం. విప్పారిన పెద్ద కళ్లు, దిద్దినట్టున్న కనుబొమలు, నుదుటిమీద పెద్ద బొట్టు. దూరం నుంచి చూసినా మొహం పలకరించాలంటే ఆ మాత్రం ఉండాల్సిందే. రాత్రివేళ, నూనెదీపం వెలుగులో, వెనక వరసలో కూర్చున్నవాడిక్కూడా కనిపించాల్సిన బొమ్మల వంశం కదా మరి!

ఇదయ్యాక ఆగాలి. ఇక్కడే చాలా ఇళ్లలో పని చెడుతుంది. ముద్ద తడిగా ఉండగానే ఎండలో పెడితే పైన ఆరి, లోపల ఆరక పగుళ్లొస్తాయి. రెండు రోజులు నీడలోనే ఉంచాలి. అయినా పగిలితే కంగారేం లేదు, పలచగా కలిపిన మక్కు ఆ పగుళ్లలో కూరి మళ్లీ ఆరబెట్టాలి. తర్వాత గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి. ఆ పొడి కళ్లలో, ముక్కులో పడకుండా ఆరుబయట కూర్చుంటే సరి.

ఆపైన తెల్లపూత. సుద్ద మట్టిలో తుమ్మ బంక నీళ్లు కలిపి రెండుమూడుసార్లు పలచగా పూయాలి. బంక దొరక్కపోతే కాస్త ఫెవికాల్ కలిపినా సరిపోతుంది. ఈ పూత లేకుండా రంగేస్తే పొట్టు రంగునంతా తాగేస్తుంది, మొహం వెలవెలబోతుంది. ‘ఎలాగూ రంగు వేస్తాం కదా, తెలుపెందుకు’ అని పిల్లలు అడుగుతారు. ఒక చిన్న ముక్కమీద పూత లేకుండా రంగేసి చూపిస్తే జవాబు చెప్పక్కర్లేదు.

వంటింటి రంగుల పెట్టె

చేర్యాలలో పూర్వం రంగులు కూడా ఇంట్లోనే చేసుకునేవారు. శంఖాల పొడితో తెలుపు, దీపం మసితో నలుపు, నీలిమందుతో నీలం, ఇంగిలీకంతో ఎరుపు. కుంచె కావాలంటే ఉడుత తోక వెంట్రుకలు. ఇప్పుడు చాలామంది దుకాణంలో దొరికే రంగులూ బ్రష్షులే వాడుతున్నారు. ఇళ్లలో చేసేవాళ్లు కూడా పోస్టర్ రంగుల చిన్న పెట్టె కొనుక్కుంటే మొత్తం పనికి అయ్యే ఖర్చు దాదాపు అదొక్కటే. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు ఉంటే మిగతావి కలుపుకోవచ్చు.

ఆ ఖర్చూ వద్దనుకుంటే వంటింట్లోకి వెళ్లొచ్చు. నూనెదీపం మీద స్టీలు పళ్లెం బోర్లిస్తే మసి పడుతుంది. దాన్ని గీకి బంక నీళ్లలో కలిపితే కాటుకలాంటి నలుపు. జాజు నూరితే ఎరుపు. పసుపు ఉండనే ఉంది, కాకపోతే అది ఎండ తగిలితే తొందరగా వెలిసిపోతుంది. ఆ పసుపులోనే చిటికెడు సున్నం కలిపి చూపిస్తే పిల్లలు నోరు తెరుస్తారు... పచ్చనిది కాస్తా ఎర్రబడిపోతుంది! నుదుటి కుంకుమ పుట్టిన కథే అది. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కాబట్టి కలపడం పెద్దవాళ్లే చేయాలి. ఇంగిలీకం జోలికి మాత్రం పోకూడదు. అందులో పాదరసం ఉంటుంది. ఇక బ్రష్షంటారా, వేపపుల్ల చివర నమిలితే పళ్లకూ అదే, బొమ్మకూ అదే.

రంగు వేయడానికి ఓ వరస ఉంది. పటమైతే ముందు వెనకనున్న ఎరుపు. తర్వాత ఒంటి రంగు. తర్వాత బట్టలు. తర్వాత నగలు. అన్నిటికంటే చివర నల్లగీత. ఒంటి రంగును బట్టే ఎవరెవరో తెలిసిపోతుంది. దేవుడికి నీలం, దేవతకు పసుపు, రాక్షసుడికి ముదురు గోధుమ, మామూలు మనుషులకు గులాబీ ఛాయ. మాస్కుకూ ఇదే పద్ధతి. నల్లగీత పడేదాకా మొహం మొద్దుగా కనిపిస్తుంది. కంటి చుట్టూ ఆ సన్నని గీత తిరగగానే చిప్ప కాస్తా మనిషవుతుంది. అందుకే ఆ గీత ఎవరు గీయాలన్న తగాదా ప్రతి ఇంట్లోనూ వస్తుంది. రెండు కళ్లున్నాయి కాబట్టి ఇద్దరు పిల్లలుంటే చెరొకటి!

మొదటి నుంచి చివరిదాకా లెక్కేస్తే వారం రోజులు. అందులో చేతులు కదిలేది రోజుకు గంటో, గంటన్నరో. మిగతాదంతా ఎదురుచూడ్డమే. పొద్దున లేవగానే ఆరిందా అని చూసుకోవడం, ఆరలేదని తెలిసి ఊరుకోవడం. బటన్ నొక్కగానే అన్నీ వచ్చే కాలంలో పుట్టిన పిల్లలకు ఈ ఊరుకోవడమే కొత్త విద్య.

ఇంటి పురాణం

మాస్కు కుదిరిన ఇంట్లో రెండో పని పటం. అరవై అడుగులు అక్కర్లేదు. తాతయ్య పాత ధోతిలోంచి అడుగు వెడల్పు, నాలుగడుగుల పొడవున్న ముక్క చాలు. దానికి గంజి, సుద్ద, బంక కలిపి పలచగా మూడుసార్లు పూత వేయాలి. ఒక పూత ఆరాకే ఇంకొకటి. మందంగా వేస్తే చుట్టినప్పుడు పెళుసుగా విరుగుతుంది. రెండు చివరలా రెండు కర్రలు కడితే చుట్టడానికి వీలు. స్కేలుతో ఐదారు గళ్లు గీసి, గడికీ గడికీ మధ్య పూలతీగ వేస్తే పటం సిద్ధం.

ఏ కథ వేయాలి? రామాయణమో, భారతమో వేయొచ్చు. కానీ ఆ ఇంటిదే ఒక కథ ఉంటుంది కదా. పూర్వం ప్రతి కులానికీ ఒక పురాణం ఉన్నట్టే ప్రతి ఇంటికీ ఒకటి ఉంటుంది. ఎవరూ అడగరు కాబట్టి అది నాయనమ్మ దగ్గరే ఉండిపోతుంది. మొదటి గడిలో వినాయకుడు. రెండో గడిలో తాతయ్య తవ్వించిన బావి. మూడో గడిలో ఆ బావి ఎండిపోయిన కరువు. జనగామ చుట్టుపక్కల కరువు చూడని ఇల్లుంటుందా? నాలుగో గడిలో ఎద్దులమ్ముకున్న అంగడి. ఐదో గడిలో పట్నం బస్సెక్కిన చిన్నాన్న. ఆరో గడిలో స్కూలు బ్యాగు వేసుకున్న పిల్ల. ఇది ఒక ఉదాహరణే. ఎవరింటి గళ్లు వాళ్లవి.

బొమ్మ వేయాలంటే ప్రశ్నలు అడగాల్సిందే. “ఎద్దులు ఏ రంగువి నాయనమ్మా?” అని మనవరాలు అడిగేదాకా ఆవిడక్కూడా ఆ రంగు గుర్తుండి ఉండదు. “ఒకటి తెల్లది బిడ్డా, ఒకటి మైల. తెల్లదానికి కుడికొమ్ము ఇరిగి ఉండె” అని చెబుతూ ఆవిడ కాసేపు ఆగిపోతుంది. తండ్రికి కూడా తెలియని సంగతి అలా బయటికొస్తుంది. రంగు కోసం అడిగిన ప్రశ్నకు బతుకు జవాబుగా వచ్చే ఇలాంటి సందర్భం ఏ కిట్లోనూ దొరకదు. పటం పూర్తయ్యాక ఒక సాయంత్రం వాకిట్లో వేలాడదీసి, పిల్ల కర్రతో చూపిస్తూ ఆ కథ చెబితే, వినడానికి పక్కింటివాళ్లు నలుగురు వచ్చి కూర్చుంటే... అది చిన్న సంగతా?

ఇక్కడ పెద్దవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పిల్ల వేసిన ఎద్దు కుక్కలా ఉండొచ్చు. బావి బకెట్‌లా ఉండొచ్చు. దిద్దడానికి చెయ్యి దురద పెడుతుంది. దిద్దకూడదు. పెద్దవాళ్లు దిద్దిన బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ అది మళ్లీ ఆ పిల్లది కాదు. మంచి ఎద్దు కావాలంటే ఇంకో బట్టముక్కమీద నాన్న వేసుకోవచ్చు. ఎవరూ వద్దనరు!

ఇంత ఓపిక లేనివాళ్లకు చిన్న పనులూ ఉన్నాయి. దీపావళికి మట్టి ప్రమిదలు తెచ్చి బయటివైపు మాత్రం రంగేసి అంచున చుక్కలు పెట్టొచ్చు. నూనె, వత్తి ఉండే లోపలివైపు రంగు తగలకూడదు. పగుళ్లిచ్చిన కుండకు సుద్దపూత వేసి పూలకుండీ చేయొచ్చు. దసరాకో, సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో కొన్న బొమ్మల పక్కన కొబ్బరి చిప్ప రాజూరాణీ కూర్చుంటే వచ్చినవాళ్లంతా ముందు చూసేది వాటినే.

ఎంత? ఎంతకిస్తారు?

ఇదంతా చవకైన పనే. లెక్కేస్తే రంగుల పెట్టె, రెండు గరుకు కాగితాలు, కాస్త సుద్ద, తుమ్మ బంక. ఇంకెక్కడా చెయ్యి జేబులోకి వెళ్లదు. కానీ చేసి చూసిన ఇంట్లోవాళ్లకు ఇంకో లెక్క అర్థమవుతుంది. ఒక్క మొహానికి వారం పట్టింది. ముక్కు రెండుసార్లు ఊడింది. కళ్లు ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చాయి. అలాంటిది చేర్యాలలో ఒక మనిషి వంద మొహాలు చేస్తే వందకీ కళ్లు తిన్నగా ఉంటాయి. అది ఎన్నేళ్ల సాధన? ఎన్ని తరాల సాధన?

హస్తకళల ఎగ్జిబిషన్లలో ప్రతి స్టాల్ ముందూ వినిపించే మాట ఒకటుంది. “కొబ్బరి చిప్పేగా! ఇంత రేటా? సగానికిస్తావా?” నిజమే, చిప్పకు ధర లేదు. చింతగింజకూ లేదు. పొట్టుకు అసలే లేదు. అక్కడ అమ్మకానికి పెట్టింది ఆ మూడింటినీ కాదు. ఆ సంగతి చెబితే ఎక్కదు, ఒక్కసారి చేసి చూస్తే ఎక్కుతుంది. స్వయంగా ఒక ముక్కు పెట్టి, అది ఊడిపోవడం చూసిన పిల్ల రేపు పెద్దయ్యాక స్టాల్ ముందు బేరమాడేముందు ఒక్క నిమిషమైనా ఆగుతుంది. చేతిపనిమీద బతికే కుటుంబానికి ఆ ఒక్క నిమిషమే తేడా. కొనేవాడికి విలువ తెలియని రోజున చేసేవాడి కొడుకు ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు. అలా వెతుక్కుని వెళ్లిపోయినవాళ్లు ఇప్పటికే చాలామంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇంట్లో చేసిన మాస్కు ఎంత బాగా వచ్చినా అది చేర్యాల మాస్కు కాదు. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు కాబట్టి ఆ పేరుతో అమ్ముకునే హక్కు ఆ కళాకారులది. ఇంటి గోడకు తగిలించుకోవచ్చు, చుట్టాలకు కానుకగా ఇవ్వొచ్చు, పిల్లలు స్కూలుకు పట్టుకెళ్లొచ్చు. పేరు మాత్రం వాళ్లకే వదిలేయాలి.

వీలైతే ఆ సెలవుల్లోనే ఒకరోజు బస్సెక్కి చేర్యాల వెళ్లొచ్చు. బచ్చన్నపేట నుంచి అదేమంత దూరం కాదు. పిల్లలు తాము చేసిన వంకర మొహాన్ని సంచీలో పెట్టుకుని వెళ్తే మరీ మంచిది. నకాషీల ఇంట్లో గోడనిండా ఉన్న మొహాల్ని చూసినప్పుడు అంతకుముందు కనిపించనివి కొన్ని కనిపిస్తాయి. ఆ కనురెప్ప గీత ఎక్కడ సన్నబడిందో, ముక్కు చిప్పకు ఎలా కలిసిపోయిందో, ఎరుపు పక్కన పసుపు ఎంత శుభ్రంగా ఆగిందో. “ఇక్కడ పగుళ్లు రాకుండా ఏం చేస్తారు?” అని పదేళ్ల పిల్ల అడిగితే అది చూడ్డానికొచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలా ఉండదు. ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్ల ప్రశ్నలా ఉంటుంది. ఏ కళాకారుడైనా అలాంటి ప్రశ్నకు పని ఆపి మరీ జవాబు చెబుతాడు.

వచ్చేటప్పుడు ఒక మాస్కు కొనుక్కుని రావాలి. బేరమాడకుండా! ఇంటికొచ్చాక దాన్ని పిల్లలు చేసిన మొహం పక్కనే తగిలించాలి. ఒకటి తిన్నగా చూస్తుంటుంది, ఇంకొకటి మెల్లకన్నుతో చూస్తుంటుంది. రెండింటికీ చింతగింజ జిగురే పట్టు. మొదటిదాని విలువ ఎంతో ఆ ఇంట్లోవాళ్లకు రోజూ చెప్పేది మాత్రం రెండోదే.